అక్క చేలో మా చెరువు మట్టి

మా అక్కను ఇసుక నేలలోకి ఇచ్చింది మా నాన్న. ఇప్పించింది నేను.

ఎనభైల మొదట్లో నేను బాపట్లలో డిగ్రీ చదివేవాణ్ణి. అద్దె గదిలో వంట పేరుతో నేను చేసుకునేది అన్నం కాదు, అన్నం లాంటిది. సముద్రం వైపు ఊరి నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చే, వయసులో నాకన్నా నాలుగేళ్ళు పెద్దయిన స్నేహితుడొకడు నన్ను చూసి జాలిపడి, తన క్యారేజీలో సగం నాకు పెట్టేవాడు. అందులో వాళ్ళమ్మ నూరిన వేరుశనగ పచ్చడి ఉండేది. చదువు పూర్తయ్యేదాకా ఆ పచ్చడి తిన్నవాణ్ణి, ఆ ఇంటికి మా వంతుగా ఏదో ఒకటి ఇచ్చుకోకపోతే బాగుండదనిపించింది. అక్కను ఇచ్చాం. స్నేహితుడు బావ అయ్యాడు. పచ్చడి నూరిన చెయ్యి అక్కకు అత్తగారి చెయ్యి అయింది.

సంబంధం మాట్లాడేటప్పుడు నాన్న నన్ను పక్కకు పిలిచి ఒక్కటే అడిగాడు.

"కుర్రాడు మంచివాడన్నావు, సరే. నేల ఎలాంటిదిరా?"

"బంగారంలా మెరుస్తుంది నాన్నా."

అబద్ధం కాదు. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుక నిజంగానే బంగారంలా మెరుస్తుంది. బంగారంలా మెరిసేదానికీ బంగారం పండించేదానికీ తేడా చెప్పాల్సిన బాధ్యత నాది. నేను చెప్పలేదు, నాన్న అడగలేదు. మా ఊరి చర్చిలో పెళ్ళి జరిగిపోయింది.

మాది తెనాలి, రేపల్లెల మధ్య ఊరు. రైలు కిటికీలోంచి చూస్తే రెండు పక్కలా కనబడే నల్లరేగడి మాదే. అందులో మా నాన్న వాటా చిన్నదే గాని, గర్వం వాటా మాత్రం పెద్దది. వానాకాలంలో ఆ నేలలో కాలు పెడితే కాలు తిరిగొస్తుంది, చెప్పు రాదు. ఎండాకాలంలో నెర్రెలిచ్చి, చేయి పెడితే మోచేతిదాకా దిగిపోతుంది. మాకు నీళ్ళంటే కాలువలో వచ్చేవి, మట్టంటే నల్లగా ఉండేది. తెల్లగా, పొడిపొడిగా, వేళ్ళ సందుల్లోంచి జారిపోయేదాన్ని కూడా మట్టి అంటారని నాకు బాపట్ల వెళ్ళేదాకా తెలియదు. అక్కకైతే పెళ్ళయ్యేదాకా తెలియదు.

పెళ్ళయిన మొదటి ఏడు చూడ్డానికి వెళ్తే అక్క దొరువులో ఉంది. దొరువంటే ఆ ప్రాంతంలో ఇసుక తవ్వి చేసుకునే నీటిగుంట. పైనే మంచినీరు ఊరుతుంది. మరీ లోతుకు పోతే ఉప్పునీరు తగులుతుంది. అందులోకి వాలుగా దిగి, రెండు చేతులా రెండు కడవలు ముంచుకుని, మళ్ళీ పైకెక్కి మొక్కమొక్కకూ పోయాలి. కూరగాయ పాదులకు ఏడాది పొడుగునా పోయాలి. వాన మొహం చాటేస్తే వేరుశనగకూ పోయాలి. పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే తడిసిన గుర్తు కూడా ఉండదు.

గట్టు మీద నిలబడి చూస్తున్నాను. అక్క కడవలతో పైకొచ్చి, నా మొహం చూసి ఆగింది.

"ఏంట్రా అలా చూస్తావు? మోసేది నీళ్ళు. సిలువ కాదు."

నవ్వించడానికే అంది. నాకు మాత్రం ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆ పూట భోజనంలో మళ్ళీ అదే పచ్చడి. ఆ ఇంట్లో దాన్ని రుచిగా తినగలిగిన చివరిసారి అంతకు ముందుసారే అయిపోయిందని నాకప్పుడు అర్థమైంది.

అక్క బాధపడుతోందని కాదు. అదే చిక్కు. బాధపడి ఉంటే ఓదార్చి ఒడ్డెక్కేవాణ్ణి. ఆమెకు ఆ చేను ఇష్టం. ఏ మూల ఏ పాదు వేస్తే ఎండ తగలదో, ఏ గాలికి ఇసుక ఎటు కదులుతుందో రెండేళ్ళలో పట్టేసింది. బావకు బాపట్లలో చిన్న ఉద్యోగం. ఆదివారాలు తప్ప చేను వైపు రాడు. చేను అక్కదే అన్నట్టు నడిచింది.

ఎనభైలు దాటబోతుండగా ఆ ఊళ్ళో గాలి మారింది. ఒక్కొక్కరే వేరుశనగ మానేసి సరుగుడు వేయడం మొదలుపెట్టారు. సరుగుడు మొక్క నాటిన మొదట్లో కాస్త నీళ్ళు పోస్తే చాలు, తర్వాత దాని బతుకు అది బతుకుతుంది. కొన్నేళ్ళకు నరికి కర్ర అమ్ముకోవచ్చు. అక్క అత్తగారికి ఆ ఆలోచన నచ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. తనూ చిన్నప్పటినుంచి కడవలు మోసిన మనిషే.

"సరుగుడు వేసుకుంటే కోతకొచ్చేదాకా చేను మొహం చూడక్కర్లేదే పిల్లా," అంది.

"చేను మొహం చూడకుండా నేను ఎవరి మొహం చూడాలి అత్తమ్మా?" అంది అక్క.

చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఒక్క పంట. నేలను బాగుచేసి వేరుశనగ తీస్తానంది అక్క. మామూలు కన్నా బాగా పండితే చేను ఆమెది. లేకపోతే సరుగుడు. బావ ఇద్దరి మధ్యా కూర్చుని ఇద్దరికీ తలూపాడు.

ఆ వేసవిలో అక్క మా ఊరొచ్చింది. నేనప్పటికి రేపల్లెలో బడిపంతుల్ని, సెలవులకు ఇంటి దగ్గరే ఉన్నాను. పంతులుగారి ముందు పెట్టాల్సిన విన్నపంలా కాకుండా, కూర తరుగుతూ చెప్పింది.

"నాకు పుట్టింటి నుంచి సారె పంపరా."

"అరిసెలా? సున్నుండలా?"

"మట్టి. మన చెరువులోది."

సారె అడిగి సారం కోరుతోందన్నమాట. నేను తెలుగు పంతుల్ని గనక ఆ మాట వెంటనే అనేశాను కూడా. అక్క కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా, "నీ మాటలకేం, నువ్వు మట్టి పంపించు," అంది.

ఆమె ఊరికే అడగడం లేదు. అంతకు ముందేడు ఇక్కణ్ణుంచి వెళ్తూ గోనెసంచిలో చెరువు మట్టి నింపుకుని, రైల్లో, బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకుపోయింది. కండక్టరు సంచిలో ఏంటమ్మా అంటే, బెల్లం అని చెప్పిందట. దాన్ని ఎండబెట్టి, పొడిచేసి, దొడ్లో ఆనపపాదులో ఇసుకతో కలిపి చూసింది. రోజూ రెండు పూటలా నీళ్ళడిగే పాదు, రోజు విడిచి రోజు అడగడం మొదలుపెట్టింది. కాయలూ అంతకు ముందెన్నడూ లేనంత దిగాయి.

"ఎంత కావాలి?"

"రెండు లోడ్లు. చేనంతా అప్పడమంత మందాన పరిచి, ఇసుకలో కలిసేలా దున్నాలి. అంతకు మించొద్దు."

"అప్పడమంతా? అది నేలకు పౌడరు పూసినట్టుంటుందే."

"పౌడరే చాలు," అంది.

మా చెరువు మట్టి సంగతి చెప్పాలి. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు అడుగంటుతుంది. అడుగున పేరుకున్న పూడికను ఎవరు తవ్వుకుపోయినా ఊరికి మంచిదే, చెరువు లోతవుతుంది. నల్లగా, మెత్తగా, ఎండితే రాయిలా, తడిస్తే వెన్నలా ఉండే మట్టి. మా పొలాలకు దాని అవసరమే లేదు. ఇళ్ళస్థలాలు మెరక చేసుకోవడానికి పోసుకునేవాళ్ళం. ఊరి మట్టి, ఊరికే వచ్చే మట్టి. ఊరికే వచ్చేదాన్ని దానం చేయడంలో మనిషికి ఎంత ధారాళం వస్తుందో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

తోలకానికి కూడా దారి దొరికింది. బాపట్ల వైపు నుంచి సరుగుడు కర్ర తెచ్చే లారీలు తెనాలిలో దించేసి ఖాళీగా తిరిగి వెళ్ళేవి. పోయేటప్పుడు మా మట్టి వేసుకుపోవడానికి ఒక డ్రైవరు ఒప్పుకున్నాడు. సరుగుడు రాకుండా ఆపడానికి పోయే మట్టి, సరుగుడు తెచ్చిన లారీలోనే పోయింది.

రెండు లోడ్లు పంపాక చెరువుగట్టు మీద నిలబడ్డాను. పార ఆపమని కూలీలకు చెప్పాలి. నోరు రాలేదు. ఇన్నేళ్ళ కడవలకు రెండు లోడ్లేనా అనిపించింది. నాన్నతో నేనన్న ఆ బంగారం మాటకు ఇంతేనా అనిపించింది. మా నేల నలుపు ఎంత లోతు ఉంటే అంత గొప్ప. పొలం అమ్మేవాడు కూడా ముందు గునపం దించి లోతు చూపిస్తాడు. మట్టి ఎక్కువైతే చెడుతుందన్న ఊహ మా వైపు ఎవడికీ కలలోకి కూడా రాదు. డబ్బు ఎక్కువైతే ఇబ్బంది అన్నట్టుంటుంది. మన్ను కాస్త ఎక్కువ పంపితే మన్నన దక్కకపోయినా మన్నింపయినా దక్కుతుందని లోపల ఎక్కడో లెక్క. ఆరు లోడ్లు పంపాను. ఆఖరి లారీలో డ్రైవరు పక్కన నేనూ ఎక్కాను.

వెళ్ళేసరికి అక్క లేదు. ఆడపడుచు కాన్పుకని చీరాల వెళ్ళింది, వారం దాకా రాదన్నారు. నాకు ఇంకా సంతోషమైంది. వచ్చేసరికి పరిచేసి ఉంచితే ఎంత బాగుంటుంది! బావ ఆఫీసులో ఉన్నాడు. కూలీలను పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, రెండు రోజులు దగ్గరుండి మట్టి పరిపించాను. అక్క అత్తగారు గట్టు మీద తాటాకు గొడుగు కింద కూర్చుని చూసింది.

"మందం ఎక్కువవడం లేదా బాబూ?"

"మా నేల సంగతి మాకు తెలుసండి అత్తయ్యగారూ."

ఆవిడ నన్ను కాసేపు చూసింది. తర్వాత చేను వైపు చూసింది. "సరే, మీ అక్క పుట్టింటి సొమ్ము," అని లేచి వెళ్ళిపోయింది.

అక్క చీరాల నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా చేలోకి నడిచింది. తెల్లగా ఉండాల్సిన నేల నల్లగా ఉంది. ఒంగి ఒక పెళ్ళ తీసి రెండు చేతుల్తో విరవబోయింది. విరగలేదు.

"రెండు లోడ్లకు ఇంత వస్తుందట్రా?"

"కొంచెం ఎక్కువ పంపాను."

"ఎంత కొంచెం?"

చెప్పాను.

"అప్పడం అడిగితే దిబ్బరొట్టె వేశావు," అంది. తిట్టలేదు. నవ్వే ప్రయత్నం కూడా చేసింది. "రేపు పొద్దున్నే మనుషుల్ని పిలిచి సగమైనా గట్టుకు లాగించాలి."

ఆ సాయంత్రమే వాన పడింది. తొలకరికి ఇంకా టైముంది, అది తొందరపడింది. నా వైపు మనిషి అన్నట్టు. పొద్దున వెళ్ళి చూస్తే మట్టి ఇసుకను కరుచుకుని కూర్చుంది. పార వేస్తే పారకే అంటుకుంటోంది. నాగలి పెడితే పైపైన చీరింది గాని కిందికీ పైకీ కలవలేదు. విత్తనాల అదను తరుముకొస్తోంది. అలాగే విత్తారు.

తర్వాత రెండు నెలలు నా జీవితంలో నేను తలెత్తుకు తిరిగిన రోజులు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తలే దించుకోవాలనిపిస్తుంది. ఆ ఊళ్ళో మొట్టమొదటిసారి ఒక చేలో వాన నీళ్ళు నిలిచాయి. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. వేరుశనగ మొక్కలు మోకాలెత్తున లేచి, ఆకు నల్లపచ్చగా తిరిగింది. పక్క చేలలో పైరు పాలిపోయి ఉంటే మాది మాత్రం కంటికి ఆనేది. నేను రెండో శనివారం వస్తే చాలు, రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బస్సెక్కి, పొన్నూరు మీదుగా అక్కడ వాలిపోయేవాణ్ణి. చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నడిచేవాణ్ణి.

"తెనాలి తమ్ముడుగారు వచ్చారే, చేనుకి దిష్టి తీయండి," అని పక్కచేలో ఆడవాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు.

"చేనుకే కాదు, ఆయనక్కూడా తీయాలి, చూడు ఎలా మెరిసిపోతున్నాడో," అనేది ఇంకొకామె.

నేను మొహమాటపడుతున్నట్టు నటించేవాణ్ణి.

అక్క మాత్రం గట్టు మీద నడవలేదు. మొక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, కొమ్మలెత్తి అడుగున చూసేది. వేరుశనగ పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పూత రాలాక అక్కణ్ణుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి వచ్చి, నేలలోకి దిగి, కాయగా ఊరుతుంది. ఇసుకలో అయితే వెన్నలో సూదిలా దిగుతుంది. ఒక రెండో శనివారం నన్ను పిలిచి చూపించింది. ఊడలు వచ్చాయి. నేలను తాకాయి. అక్కడే ఆగాయి. మొనలు నల్లబడి, ఎండిపోయి ఉన్నాయి. వాన వెలిశాక మా మట్టి పైన చెక్కు కట్టి, గచ్చులా బిగిసింది.

"దిగట్లేదురా," అంది మెల్లగా.

"మళ్ళీ వాన పడితే మెత్తబడుతుందిలే అక్కా."

వాన పడలేదు. కావలసినప్పుడు రావడం దానికి అలవాటు లేదు. అక్క మళ్ళీ దొరువులోకి దిగింది. ఏ కడవలు తప్పించడానికి మట్టి తెప్పించుకుందో, ఆ మట్టిని మెత్తబరచడానికి కడవలు మోసింది. వరుస వెంట వరుస తడిపింది. తడి ఉన్నంతసేపు ఏ నాలుగు ఊడలైనా దిగుతాయని ఆశ.

నేనూ మోశాను. నాకు చేతకాదు. రెండు కడవల నీళ్ళలో ఒకటిన్నర నా పంచెకే పోసేవాణ్ణి.

"అది తడిస్తే కాయలు రావు తమ్ముడుగారూ," అని పక్కచేలోంచి కేక. నవ్వు. అక్క కూడా నవ్వింది. నేను ఆ నవ్వును పట్టుకుని ఇంకో విడత దిగాను. పైకొచ్చేసరికి ఆమె చేతి వేళ్ళను రెండో చేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటోంది. కడవ అంచు పట్టుకున్న వంపులోనే అవి బిగుసుకుపోయి ఉన్నాయి. నన్ను చూసి చీర కొంగులో దాచేసుకుంది.

ఆ రోజుల్లో ఆదివారం చర్చిలో పాప క్షమాపణ కోసం తలలు వంచినప్పుడు నేను అందరికన్నా ఆలస్యంగా తలెత్తేవాణ్ణి. నా భక్తి పెరిగిందనుకుని పాస్టరుగారు సంతోషించారు. ఆయన సంతోషాన్ని కూడా నా ఖాతాలో రాసుకోవాల్సి వచ్చింది.

దసరా సెలవుల్లో పంట పీకారు. ఇసుక నేలలో వేరుశనగ పీకడం పిల్లల ఆట. మొదలు పట్టుకుని లాగితే గుత్తులతో సహా వస్తుంది, ఒక్క దులుపు దులిపితే చాలు. ఇక్కడ లాగితే ఆకూ కొమ్మా చేతికొచ్చాయి, మిగతాది నేలలోనే ఉండిపోయింది. గునపాలు తెప్పించి తవ్వించారు. తవ్వి తీసిన దానికి ఒకటీ అరా కాయ. కొన్నింటికి అదీ లేదు. పైన పటారం, లోన లొటారం.

కూలికొచ్చినవాళ్ళలో ఒక పెద్దామె మొక్కను పైకెత్తి అటూ ఇటూ తిప్పి, "అమ్మాయ్, ఇది వేరుశనగ కాదే. వేరుంది, శనగ లేదు," అంది. అందరూ ఫక్కున నవ్వారు. మాటల మీద నాకున్న మోజు ఎంతటిదంటే, ఆ క్షణంలో కూడా ఆ మాట ఎంత బాగుందో అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. అక్క నవ్వలేదు. గునపం వేస్తూనే ఉంది.

సాయంత్రానికి కాయలన్నీ ఇంటి వాకిట్లో పోశారు. మామూలు ఏడు అరుగు ఎత్తున పోసే చోట, ఆ యేడు పిల్లి పడుకున్నంత కుప్ప. అక్క అత్తగారు అరుగు మీద కూర్చుంది. బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అక్క కుప్ప పక్కన కూర్చుని, ఒట్టి కాయలు ఏరి పారేస్తోంది. అప్పుడా పని చేయాల్సిన అవసరమేమీ లేదు.

బావ గొంతు సవరించుకున్నాడు. "అయితే మరి..."

"నేనే మట్టి ఎక్కువ తెప్పించాను," అంది అక్క తలెత్తకుండా. "రెండు లోడ్లు చాలవేమోనని నాకే అనిపించింది. వాణ్ణేమీ అనకండి."

"కాదండి," అన్నాను. "అక్క రెండే అడిగింది. నేనే..."

"తెలుసు బాబూ," అంది ఆవిడ. "మీ ఊరెళ్ళే ముందు నాతో చెప్పే వెళ్ళింది. అప్పడమంత మందం అని చేత్తో చూపించింది కూడా."

ఆవిడ అరుగు దిగొచ్చి కుప్పలోంచి ఒక కాయ తీసి, చితక్కొట్టి, పప్పు నోట్లో వేసుకుంది.

"నువ్వు పరిపిస్తుంటే నేను గట్టు మీదే ఉన్నాగా. ఇంత మందం వేస్తే ఊడ దిగదని నాకు తెలుసు. ఒకసారి అడిగాను. నీకు తెలుసన్నావు. సరేలే అనుకున్నా. చెడితే సరుగుడు వేసుకోవచ్చు అనుకున్నా." నమిలి మింగింది. "అదీ సంగతి. ఇందులో నీ వాటా ఎంతుందో నా వాటా అంతుంది. ఆ పిల్లది మాత్రం లేదు."

తప్పులో ఎవరైనా వాటాకొస్తే బరువు తగ్గుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. తగ్గలేదు. ఆవిడ ఊరుకుంది నా మాట విని. నేను అంత గట్టిగా అనకపోతే ఇంకోసారి అడిగేదేమో.

అక్క చేతులు ఆగాయి. తలెత్తి అత్తగారి వైపు చూసింది.

"ఆపొచ్చుగా అత్తమ్మా," అంది. అంతే.

"ఆపొచ్చు," అంది ఆవిడ. "ఆపలేదు. అందుకే చెప్తున్నా, చేనంతా సరుగుడు వేయను. సగం వేస్తా. సగం నీకుంచు. నీ తమ్ముణ్ణి మాత్రం రానీయకు."

బావ ఎప్పట్లాగే ఇద్దరికీ తలూపాడు.

అలా దొరువు దగ్గర సగం అక్కకు మిగిలింది. రోడ్డు వైపు సగంలో వానలు వెనక్కి తగ్గేలోపు సరుగుడు మొక్కలు నాటారు. నాటుతుంటే అక్క వంట వదిలి బయటికి రాలేదు.

మిగిలిన సగాన్ని బాగుచేయడానికి తర్వాతి వేసవంతా పట్టింది. ఎండిన మట్టి పెళ్ళలను కర్రలతో చితక్కొట్టించింది. బావను పట్టుబట్టి ట్రాక్టరు తెప్పించి లోతుగా దున్నించింది. అడుగు ఇసుక పైకి, పై మట్టి అడుగుకి. అదీ చాలక దొరువు గట్టున ఉన్న ఇసుకను గంపలతో తెచ్చి పైన చల్లించింది. రావద్దన్నా నేను వెళ్ళాను. గంప నెత్తిన పెట్టుకుని, మా ఊరి నుంచి నేను తెచ్చిన మట్టి మీద వాళ్ళ ఊరి ఇసుక పోశాను. ఇసుక తక్కెడ, పేడ తక్కెడ అంటారే, ఆ బేరంలో రెండు తక్కెడలూ నావే.

మరుసటేడు ఆ సగం పండింది. ఊడలు దిగాయి. కడవల పని సగానికి తగ్గింది. ఆ పై ఏడు ఇంకా బాగుంది. చూసి ఆ ఊళ్ళో ఇంకో నలుగురు దగ్గర్లోని కుంటల నుంచి పూడిక తోలుకున్నారు. ఎంత వేయాలని అక్కనే అడిగి వెళ్ళేవారు. అక్క అప్పడం చెప్పేది. దిబ్బరొట్టె కథ కూడా చెప్పేది, కాని అందులో తమ్ముడు ఉండేవాడు కాదు. "మేం తెలియక ఒకసారి ఎక్కువ వేశాం," అనేది. ఆ 'మేం' వినబడినప్పుడల్లా నేను లోపల ఒకడుగు వెనక్కి వేసేవాణ్ణి.

పక్కనే సరుగుడు పెరిగింది. నా ఎత్తు దాటింది, ఇంటి ఎత్తు దాటింది. గాలి వీస్తే సముద్రం దగ్గరికొచ్చినట్టు చప్పుడు. అందరూ దాని నీడన కూర్చుని హాయిగా ఉందనేవాళ్ళు. నేను దానికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. అక్కకు ఉండాల్సిన చేను అది. ప్రతి ఏడూ అది ఎన్ని కాయలు కాసి ఉండేదో నా మనసు పనిలేక లెక్కలు వేసేది.

తొంభైల మధ్యలో సరుగుడు నరికి, కర్ర లారీకెక్కించారు. అప్పటికి అక్క అత్తగారు మంచంలోంచి లేవడం తగ్గింది. ఆ సగంలో మళ్ళీ మొక్కలు నాటుదామా అని బావ అడిగితే ఆవిడ వద్దంది. "అది కూడా పిల్లదే. ఇన్నాళ్ళూ అద్దెకుంచుకున్నా," అందట.

ఈ కబురు బావ ఫోన్ చేసి చెప్పాడు. బడికి ఎదురుగా ఉన్న కొట్టుకి ఫోన్ వస్తే పరుగెత్తి వెళ్ళి విన్నాను. వినగానే నా బుర్రలో చెరువు మెదిలింది. వేసవి మొదలైంది, కాలువలు కట్టేశారు, పూడిక బయటపడి ఉంటుంది. ఒక్క లోడు, కాకపోతే అర లోడు. ఎండబెట్టి, జల్లెడ పట్టి, కావాలంటే మూటలు కట్టి పంపుతాను. అక్కను పిలవమన్నాను.

"వద్దురా," అంది అక్క. "నువ్వు పంపిందే ఇంకా ఉంది. వేళ్ళ కింద మొత్తం నల్లగానే ఉంది. మొద్దులు తీసి దున్నుకుంటే చాలు."

"మరి నేనేం తేను?"

"ఏం తేవొద్దు. చేతులూపుకుంటూ రా."

వెళ్ళాను. పొన్నూరు మీదుగా బస్సులో ఒళ్ళో ఏమీ లేకుండా కూర్చోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఏదో ఒక సంచి ఉంటే చేతులు దానిమీద పెట్టుకుని ఉండేవాణ్ణి. పక్కాయన మీ సామాను పైన వేశారా అని అడిగాడు. సామానేమీ లేదండి అన్నాను. అబద్ధం చెప్పినట్టనిపించింది.

చేలో సరుగుడు మొద్దులు తవ్వి తీసిన గుంతలు. వేళ్ళతో పాటు పెద్ద పెద్ద నల్ల పెళ్ళలు పైకొచ్చాయి. అక్కడక్కడ వాటిలోకి తెల్ల ఇసుక చారలు చారలుగా దిగి ఉంది. అక్క తలకు గుడ్డ కట్టుకుని, ఒక కర్రతో పెళ్ళలు చితక్కొడుతోంది. నెరిసిన జుట్టు ఆ గుడ్డ కిందినుంచి కనబడుతోంది. ఇంకో కర్ర నా చేతికిచ్చింది.

కాసేపు ఇద్దరం కొట్టాం. ఉండబట్టలేకపోయాను.

"ఇన్నేళ్ళు ఈ సగం..." అన్నాను.

"ఆ లెక్కలు నీవి," అంది. కోపంగా కాదు, మెల్లగా కూడా కాదు, పని మధ్యలో మాట్లాడినట్టు. "నేనెప్పుడూ వేసుకోలేదు. మాటిమాటికీ తెచ్చి నా ముందు పెట్టకురా. నీ మట్టే మోశాను, ఇక నీ బాధ కూడా మోయమంటావేంటి?"

కర్ర నేలకు ఆనించి నిలబడ్డాను.

"అదిగో, ఆ పెద్దది నీ కాళ్ళ దగ్గరే ఉంది," అంది. "కొట్టు."

కొట్టాను. మూడు దెబ్బలకు విచ్చుకుంది. పక్కన ఇంకోటి ఉంది.